అణు ఆంక్షల నీడలో చిన్న దేశాల వ్యాపారం: బేరానికి చోటు ఎక్కడుంది?

"ఇరాన్‌తోనో ఉత్తర కొరియాతోనో వ్యాపారం ఉన్న చిన్న దేశం, అణ్వస్త్ర వ్యాప్తిని ఆపాలంటూ ఒత్తిడి వచ్చినప్పుడు ఏం చేయగలదు? పెద్ద దేశం చెప్పినట్టు వినడం తప్ప వేరే దారి ఉందా?" అన్నది మీ ప్రశ్న. దారి ఉంది. ఐక్యరాజ్యసమితి ఉపన్యాసాల్లో వెతికితే మాత్రం దొరకదు. బ్యాంకు కాగితాల్లో, ఓడల బీమాలో, కస్టమ్స్ జాబితాల్లో, మినహాయింపుల గడువుల్లో వెతకాలి.

నేను ఇరవై రెండేళ్లు బ్యాంకుల్లో ట్రేడ్ ఫైనాన్స్ విభాగంలో పనిచేశాను. ఎల్‌సీలు (కొన్నవాడి తరఫున బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ పత్రాలు) తెరవడం, ఓడ కాగితాలు సరిచూడడం, కొన్నవాడి పేరు, అమ్మినవాడి పేరు, ఓడ పేరు ఆంక్షల జాబితాల్లో ఉన్నాయేమో చూడడం నా పని. విదేశాంగ మంత్రులు కూర్చునే గదులు నేను చూడలేదు. అక్కడ తీసుకున్న నిర్ణయం ఒక మామూలు ఎగుమతిదారు కాగితం మీదికి ఎలా వచ్చి పడుతుందో రోజూ చూశాను. అందుకే జవాబు ఆ బల్ల దగ్గర నుంచే మొదలుపెడతాను.

2012లో ఒక చిన్న దేశపు వ్యాపారి ఇరాన్ ఆసుపత్రులకు డయాలిసిస్ ఫిల్టర్లు పంపాడు. మందులకు, వైద్య పరికరాలకు, ఆహారానికి అమెరికా నిబంధనల్లోనే మినహాయింపు ఉంది. సరుకు చేరింది. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, ఓడవాళ్లిచ్చే సరుకు రసీదు (బిల్ ఆఫ్ లేడింగ్) మూడూ అక్షరం తేడా లేకుండా సరిపోయాయి. డబ్బు మాత్రం రాలేదు. చెల్లింపు యూరోల్లో ఒక పెద్ద బ్యాంకు మీదుగా రావాలి. ఆ బ్యాంకు "మా విధానం ప్రకారం ఈ చెల్లింపు జరపలేము" అని ఒక్క వాక్యం రాసి డబ్బు వెనక్కి తిప్పింది. రెండో బ్యాంకును అడిగాం. దాదాపు అదే వాక్యం. ఆ వ్యాపారి నాకు ఫోన్ చేసి, ఏ చట్టం తప్పానో చెప్పండి, సరిదిద్దుకుంటాను అన్నాడు. అతను ఏ చట్టమూ తప్పలేదు. ఆ మాట చెప్పడం తప్ప ఆ రోజు నా చేతిలో ఇంకేమీ లేదు.

ఆంక్షల అసలు బరువు ఎక్కడ పడుతుందో ఈ ఒక్క కేసులో ఉంది. అణ్వస్త్ర వ్యాప్తి నిరోధ ఒప్పందం 1970లో అమల్లోకి వచ్చింది. చిన్న దేశాల్లో దాదాపు అన్నీ అందులో ఉన్నాయి. బాంబు చేయబోమని ఎప్పుడో సంతకం పెట్టేశాయి. కాబట్టి వాటి మీద వచ్చే ఒత్తిడి 'బాంబు చేయకండి' అని ఉండదు. 'బాంబు చేస్తున్నాడని మేం అనుమానిస్తున్నవాడితో కొనకండి, అమ్మకండి, వాడి ఓడకు మీ జెండా ఇవ్వకండి, వాడి డబ్బు మీ బ్యాంకులో పెట్టుకోకండి' అని ఉంటుంది. ఇవన్నీ వ్యాపార విషయాలే. ఆంబోతుల పోరులో లేగలు నలిగినట్టు చిన్న దేశాలు నలిగేది ఇక్కడే.

బ్యాంకులు ఎందుకంత భయపడతాయో కూడా తెలియాలి. 2005 సెప్టెంబరులో అమెరికా ఆర్థిక శాఖ మకావులోని బాంకో డెల్టా ఆసియా అనే చిన్న బ్యాంకును మనీ లాండరింగ్ అనుమానం కింద ప్రకటించింది. అప్పటికి వేరే చర్య ఏదీ తీసుకోలేదు. ఆ ప్రకటన చాలు, డిపాజిటర్లు క్యూ కట్టారు. ఉత్తర కొరియాకు చెందిన దాదాపు రెండున్నర కోట్ల డాలర్లు అక్కడ స్తంభించిపోయాయి. రెండేళ్ల తర్వాత అణు చర్చల కోసం ఆ డబ్బు తిరిగి ఇచ్చేయడానికి అమెరికాయే ఒప్పుకున్నా, దాన్ని ముట్టుకునే బ్యాంకు దొరకలేదు. చివరికి 2007 జూన్‌లో న్యూయార్క్ ఫెడరల్ రిజర్వు, రష్యా కేంద్ర బ్యాంకు గుండా దాన్ని పంపాల్సి వచ్చింది. తర్వాత 2014లో ఆంక్షల ఉల్లంఘన కేసులో ఫ్రాన్స్ బ్యాంకు బీఎన్‌పీ పారిబా దాదాపు 890 కోట్ల డాలర్లు చెల్లించుకుంది. ఇవి చూసిన బ్యాంకు మేనేజరు నాలుగు లక్షల యూరోల ఫిల్టర్ల బిల్లు కోసం రిస్కు తీసుకోడు. అతన్ని నేను తప్పుపట్టను. కానీ చిన్న దేశం తన వ్యవహారం ప్రభుత్వాలతోనే అనుకుంటే పొరపాటు. అది నెగ్గుకు రావాల్సింది ముందు ఆ మేనేజరు భయంతో.

శ్రీలంక సంగతి కొంచెం వివరంగా చెబుతాను. ఈ విషయంలో నాకు ఇంతకు మించిన పాఠం కనిపించలేదు.

కొలంబో దగ్గరి సపుగస్కంద రిఫైనరీ 1969లో మొదలైంది. రోజుకు 50 వేల బ్యారెళ్ల సామర్థ్యం. ఇరాన్ లైట్ రకం ముడిచమురుకు సరిపోయేలా కట్టారు. రిఫైనరీకి ముడిచమురు మార్చడం అంటే లారీకి డీజిల్ బంకు మార్చినంత సులువు కాదు. సాంద్రత, గంధకం శాతం మారితే పెట్రోలు, కిరోసిన్, డీజిల్ వచ్చే పాళ్లు మారిపోతాయి, ఖర్చు పెరుగుతుంది. 2011 డిసెంబరు 31న అమెరికాలో చట్టమైన నిబంధన ప్రకారం, ఇరాన్ కేంద్ర బ్యాంకుతో చమురు లావాదేవీలు చేసే విదేశీ బ్యాంకుకు అమెరికా ఆర్థిక వ్యవస్థలో తలుపు మూసేయవచ్చు. ఇరాన్ చమురు కొనుగోళ్లను గణనీయంగా తగ్గించిన దేశానికి 180 రోజుల మినహాయింపు దొరుకుతుంది. 2012 జూన్‌లో శ్రీలంకకు ఆ మినహాయింపు వచ్చింది. అదే జాబితాలో భారత్, దక్షిణ కొరియా, టర్కీ, మలేషియా, దక్షిణాఫ్రికా, తైవాన్ కూడా ఉన్నాయి. 

మినహాయింపు చేతిలో ఉన్నా చమురు రాలేదు. జూలై 1 నుంచి యూరోపియన్ యూనియన్ ఇరాన్ చమురు మోసే ఓడలకు బీమా నిషేధించింది. ప్రపంచ ఓడల్లో అత్యధిక భాగానికి బీమా ఇచ్చే ఓడ యజమానుల క్లబ్బులు యూరప్ మార్కెట్ మీద ఆధారపడ్డవే. భారత్, జపాన్ లాంటి పెద్ద కొనుగోలుదారులు సొంత ప్రభుత్వ బీమాతో కొంతవరకు నెట్టుకొచ్చాయి. శ్రీలంకకు అంత స్తోమత ఎక్కడిది? కొనుగోళ్లు ఆగిపోయాయి. అప్పటిదాకా తెచ్చుకున్న చమురు బాకీ 25.1 కోట్ల డాలర్లు అలాగే ఉండిపోయింది. బాకీ తీర్చాలన్నా తీర్చే బ్యాంకు దారి లేదు.

మరోవైపు ఇరాన్ సిలోన్ టీకి పెద్ద గిరాకీదారు. కొండల్లో ఆకు కోసే కూలీకి యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్ యంత్రం అంటే ఏమిటో తెలియనక్కర్లేదు. కానీ టెహ్రాన్ నుంచి డబ్బు రాకపోతే వేలంలో టీ ధర పడిపోతుంది. తొమ్మిదేళ్ల తర్వాత, 2021 డిసెంబరులో రెండు ప్రభుత్వాలూ ఒక ఒప్పందానికి వచ్చాయి. నెలకు 50 లక్షల డాలర్ల విలువైన టీ ఇరాన్‌కు పంపాలి, ఆ విలువ చమురు బాకీలో జమ అవుతుంది. టీ ఎగుమతిదారులకు శ్రీలంక రూపాయల్లో స్వదేశంలోనే చెల్లింపు. టీ ఆహార వస్తువు గనుక ఆంక్షల్లోకి రాదని, జాబితాకెక్కిన ఇరాన్ బ్యాంకులేవీ ఇందులో ఉండవని శ్రీలంక మంత్రి బహిరంగంగా చెప్పారు. ఆయన అలా పైకి చెప్పడం చాలా ముఖ్యం. దొంగచాటుగా చేసే వస్తుమార్పిడికీ, నిబంధన చూపించి చేసే వస్తుమార్పిడికీ బ్యాంకరు కళ్లకు నేలకూ నింగికీ ఉన్నంత తేడా. మొదటి సరుకు 2023లో కదిలింది. నెలకు 50 లక్షల చొప్పున బాకీ తీరడానికి నాలుగేళ్లు దాటుతుంది. నిదానమే, కానీ ఎవరి జాబితాలోకీ ఎక్కకుండా తీరుతోంది.

అదే శ్రీలంకలో ఉమా ఓయా జలవిద్యుత్, నీటిపారుదల పథకం ఉంది. ఖర్చు దాదాపు 52.9 కోట్ల డాలర్లు. అందులో 85 శాతం ఇరాన్ ఎగుమతుల అభివృద్ధి బ్యాంకు అప్పుగా ఇవ్వాలి, పని ఇరాన్ కంపెనీ చేయాలి. ఆంక్షల వల్ల ఆ బ్యాంకు నుంచి సుమారు 5 కోట్ల డాలర్లు వచ్చి ఆగిపోయాయి. సగం తవ్విన సొరంగాన్ని ఏం చేస్తారు? శ్రీలంక ప్రభుత్వం సొంత ఖజానా నుంచి డబ్బు పెట్టి, అదే ఇరాన్ కంపెనీతో పని కొనసాగించింది. 2024 ఏప్రిల్ 24న ఇరాన్ అధ్యక్షుడు ఇబ్రహీం రైసీ వచ్చి 120 మెగావాట్ల ఆ పథకాన్ని ప్రారంభించారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అప్పు ఇచ్చేవాడూ పని చేసేవాడూ ఒకే దేశం వాళ్లయితే, ఆంక్షలు పడ్డ రోజున రెండూ కలిసే ఆగే ప్రమాదం ఉంది. అవి వేరువేరుగా ఉండేలా ఒప్పందం రాసుకోమని చిన్న దేశాలకు ఎవరైనా గట్టిగా చెప్పి ఉండాల్సింది.

డబ్బు ప్రసక్తే లేకుండా చేసుకున్న ఏర్పాటు ఆర్మీనియాది. దానికి నాలుగు పొరుగుదేశాలు. టర్కీ, అజర్‌బైజాన్ సరిహద్దులు 1990ల మొదట్లోనే మూతపడ్డాయి. మిగిలినవి జార్జియా, ఇరాన్. 2007 మార్చిలో ఇరాన్ నుంచి గ్యాస్ పైపులైను మొదలైంది. లెక్క చాలా సులువు: ఒక ఘనపు మీటరు గ్యాస్ తీసుకుంటే మూడు యూనిట్ల కరెంటు తిరిగి పంపాలి. డాలరు లేదు, యూరో లేదు, ఎల్‌సీ లేదు. రెండు మీటర్లు, ఒక లెక్కల పుస్తకం. అమెరికా దీన్ని పెద్దగా అడ్డుకోకుండా సహించింది. పరిమాణం చిన్నది, ఆర్మీనియాకు ప్రత్యామ్నాయం నిజంగానే తక్కువ, పైగా ఏం జరుగుతోందో అందరికీ కనిపిస్తూనే ఉంది. మినహాయింపు అడిగే చిన్న దేశానికి ఈ మూడూ ఉంటే వాదన సగం గెలిచినట్టే.

ఇక ఓడల జెండాల సంగతి. పసిఫిక్ మహాసముద్రంలోని దీవుల దేశం తువాలు జనాభా దాదాపు పదకొండు వేలు. దాని పేరు మీద ఓడలు నమోదు చేసే పని సింగపూర్‌లోని ఒక ప్రైవేటు సంస్థ చూసేది. 2012లో ఇరాన్ జాతీయ ట్యాంకర్ కంపెనీకి చెందిన 22 ట్యాంకర్లు తువాలు జెండా కిందికి మారాయి. అమెరికా ప్రతినిధుల సభ సభ్యుడు హోవర్డ్ బెర్మన్ తువాలు ప్రధానికి ఉత్తరం రాశారు. ఆగస్టుకల్లా ఆ నమోదులు రద్దయ్యాయి. అదే ఏడాది టాంజానియా జెండా కింద ఇరాన్ ఓడలు తేలాయి. టాంజానియాలో భాగమైన జాంజిబార్ తరఫున దుబాయ్‌లో ఉన్న ఏజెంటు తమకు తెలియకుండా నమోదు చేశాడని అక్కడి ప్రభుత్వం చెప్పింది, అవీ రద్దు చేసింది. నాలుగేళ్ల తర్వాత, 2016 ఆగస్టులో, కంబోడియా జెండా ఉన్న జీ షున్ అనే ఓడను ఈజిప్టు ఆపితే, ఇనుప ఖనిజం కింద ఉత్తర కొరియా నుంచి వచ్చిన 30 వేల రాకెట్ గ్రెనేడ్లు దొరికాయి. కంబోడియా విదేశీ ఓడల నమోదునే మూసేసింది.

ఈ మూడింటిలోనూ జబ్బు ఒకటే. దేశం తన పేరును అద్దెకిచ్చింది, ఆ అద్దె ఎవరికి పోతోందో చూసుకోలేదు. నమోదు రుసుముల మీద వచ్చేది తక్కువ, పోయే పరువు ఎక్కువ. నా బల్ల మీద కొన్ని జెండాల పేర్లు కనిపిస్తే, ఓడ గత మూడు పేర్లు, గత ముగ్గురు యజమానులు తెలిసేదాకా కాగితం కదిలించేవాళ్లం కాదు. ఆ ఆలస్యం భరించేది ఎవరు? అదే జెండా కింద నిజాయితీగా చేపలు, బియ్యం మోసే ఓడవాళ్లు.

దీనికి ఎదురు ఉదాహరణ పనామా. 2013 జూలైలో క్యూబా నుంచి ఉత్తర కొరియాకు వెళుతున్న చోంగ్ చోన్ గాంగ్ అనే ఓడను కాలువ దగ్గర ఆపారు. మాదకద్రవ్యాలు ఉన్నాయన్న అనుమానంతో ఆపారు. లోపల చూస్తే పంచదార. దాదాపు రెండు లక్షల బస్తాలు. ఓడ మీది క్రేన్లు పనికిరాకపోవడంతో ఆ ఎండలో, ఆ ఉక్కలో మనుషులే బస్తాలు భుజాన వేసుకుని దించారు. దించుతూ పోతే అడుగున కంటైనర్లు బయటపడ్డాయి. రెండు మిగ్-21 విమానాలు, 15 ఇంజిన్లు, క్షిపణి సామగ్రి. అవి తమ పాత ఆయుధాలేనని, మరమ్మతుకు పంపుతున్నామని క్యూబా చెప్పింది. పనామా ఏం చేసిందో చూడండి. తనంతట తానే తీర్పు చెప్పలేదు, ఐక్యరాజ్యసమితి నిపుణులను రమ్మని పిలిచింది. వాళ్లు వచ్చి లెక్క రాసుకున్నారు. ఓడ యజమాని మీద పది లక్షల డాలర్ల జరిమానా వేసి, చివరికి సుమారు 6.93 లక్షలు కట్టించుకుని 2014లో ఓడను వదిలారు. క్యూబాతో సంబంధం చెడగొట్టుకోలేదు, కాలువ మీద ప్రపంచానికున్న నమ్మకం పోగొట్టుకోలేదు. చిన్న దేశానికి అంతర్జాతీయ సంస్థ ఎందుకు కావాలి అని అడిగేవాళ్లకు నేను చెప్పే ఉదాహరణ ఇది. నేరుగా తలపడలేని చోట మధ్యవర్తి గొడుగు కింద నిలబడవచ్చు.

వస్తువుల నియంత్రణ దగ్గరికి వద్దాం. ఇది పైకి కనిపించేంత తేలిక కాదు. 2004 ఏప్రిల్ 28న భద్రతా మండలి 1540వ తీర్మానం చేసింది. అణు, రసాయన, జీవాయుధాలకు పనికొచ్చే వస్తువులు ప్రైవేటు వ్యక్తుల చేతికి పోకుండా ప్రతి దేశమూ చట్టం చేయాలి, సరిహద్దుల్లో తనిఖీ చేయాలి. పెద్ద దేశానికి ఇది ఒక శాఖ పని. ఇద్దరు ముగ్గురు కస్టమ్స్ అధికారులున్న దీవికి ఇది మోయలేని బరువు. ఫ్రీక్వెన్సీ కన్వర్టర్‌నే తీసుకోండి. లిఫ్టుల్లో, బట్టల మిల్లుల్లో మోటార్ల వేగం మార్చడానికి వాడతారు. అది 600 హెర్ట్జ్, ఆపైన పనిచేస్తూ మరికొన్ని లక్షణాలు కలిగి ఉంటే అణు సామగ్రి ఎగుమతులకు నియమాలు పెట్టే దేశాల కూటమి, అణు సరఫరాదారుల బృందం నియంత్రణ జాబితాలోకి వస్తుంది, ఎందుకంటే యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్‌ను తిప్పేది అలాంటిదే. పెట్టె చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కస్టమ్స్ కోడ్ కూడా రెంటికీ ఒకటే కావచ్చు. వాక్యూమ్ పంపులు, కార్బన్ ఫైబర్, కొన్ని రకాల వాల్వులు, అన్నిటిదీ ఇదే కథ.

మలేషియా ఈ పాఠం కష్టపడి నేర్చుకుంది. 2003 అక్టోబరులో బీబీసీ చైనా అనే ఓడను దారి మళ్లించి ఇటలీ రేవుకు తీసుకెళ్లి చూస్తే, లిబియాకు పోతున్న సెంట్రిఫ్యూజ్ విడిభాగాలు దొరికాయి. పాకిస్తాన్ శాస్త్రవేత్త ఏ.క్యూ. ఖాన్ నడిపిన వల అది. భాగాలు తయారైంది మలేషియా ఫ్యాక్టరీలో, సరుకు తిరిగింది దుబాయ్ మీదుగా. అవి చమురు, గ్యాస్ పరిశ్రమకు అనుకున్నామని తయారీదారు చెప్పాడు. మలేషియా చాలాకాలం ఎగుమతి నియంత్రణ చట్టాన్ని పెద్ద దేశాల పెత్తనంగానే చూసింది. కానీ ఆ దేశానికి ప్రాణం ఎలక్ట్రానిక్స్ ఎగుమతులు. అమెరికా, జపాన్, యూరప్ కంపెనీలు తమ సున్నితమైన యంత్రాలు అక్కడికి పంపాలంటే నమ్మకం కావాలి. చివరికి 2010లో వ్యూహాత్మక వాణిజ్య చట్టం చేసింది. సింగపూర్ మాత్రం 1540 రాకముందే, 2003 జనవరి నుంచే తన చట్టాన్ని అమల్లో పెట్టింది. ముందు చేసినవాడికి నిబంధనలు తన రేవుకు తగ్గట్టు రాసుకునే వెసులుబాటు ఉంటుంది. వార్తల్లోకెక్కాక చేసేవాడు ఇంకొకరు రాసిచ్చింది అచ్చు వేసుకోవాల్సి వస్తుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని నా దగ్గరికొచ్చిన ప్రతి ఎగుమతిదారుకూ చెప్పేవాణ్ని. దేశాలకూ అదే చెబుతాను.

దుబాయ్ పేరు అలా నలిగాక యూఏఈ 2007లో తనూ ఎగుమతి నియంత్రణ చట్టం చేసి, తర్వాత మరో అడుగు వేసింది. 2009లో అమెరికాతో కుదిరిన అణు సహకార ఒప్పందంలో యురేనియం శుద్ధి, వాడిన ఇంధనం నుంచి ప్లుటోనియం వేరుచేయడం, రెండూ తన గడ్డ మీద చేయబోమని రాసిచ్చింది. ఒప్పందం అమల్లోకి వచ్చింది డిసెంబరు 17న. డిసెంబరు 27న దక్షిణ కొరియా కంపెనీకి నాలుగు రియాక్టర్ల కాంట్రాక్టు దక్కింది, సుమారు 2 వేల కోట్ల డాలర్లది. ఆ బరాకా కేంద్రంలో నాలుగో యూనిట్ 2024 సెప్టెంబరులో వాణిజ్య ఉత్పత్తికి వచ్చింది. ఇప్పుడు దేశపు కరెంటులో దాదాపు పాతిక శాతం అక్కడి నుంచే. హక్కు వదులుకున్నారని విమర్శించినవాళ్లు ఒక షరతు చదివినట్టు లేదు. ఆ ప్రాంతంలో మరో దేశానికి అమెరికా ఇంతకన్నా మంచి నిబంధనలు ఇస్తే, తన ఒప్పందాన్ని మళ్లీ చర్చించమని అడిగే వీలు యూఏఈకి ఉంది. వదులుకునేది రాతలో, తిరిగి అడిగే హక్కూ రాతలో. నాకు బాగా నచ్చిన బేరం ఇది.

కజకిస్తాన్ బేరం ఇంకా పెద్దది. సోవియట్ యూనియన్ కూలినప్పుడు దాని గడ్డ మీద దాదాపు 1,400 అణు వార్‌హెడ్లు మిగిలాయి. 1995 ఏప్రిల్‌కల్లా అన్నీ రష్యాకు పంపేసింది. 1994లో ఉల్బా కర్మాగారంలో ఉన్న దాదాపు 600 కిలోల అత్యధిక శుద్ధి యురేనియాన్ని అమెరికాకు అప్పగించింది. ఇప్పుడు ప్రపంచ గనుల్లో తీసే యురేనియంలో దాదాపు 40 శాతం కజకిస్తాన్‌దే. అదే ఉల్బా కర్మాగారంలో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఇంధన బ్యాంకు ఉంది. దాన్ని 2017 ఆగస్టు 29న ప్రారంభించారు. 1991లో సెమిపలాటిన్స్క్ పరీక్షా కేంద్రాన్ని మూసేసింది కూడా ఆగస్టు 29నే. అందరికీ యురేనియం అమ్ముకోగలగడం వెనక ఆ పాత త్యాగం ఉంది. నిజమే, ఉక్రెయిన్ కూడా 1994లో ఇలాగే వదులుకుంది, ఆ తర్వాత దానికి ఏం జరిగిందో మనం చూస్తున్నాం. ఆ హామీ పత్రాల విలువ గురించి చిన్న దేశాలు ఇప్పుడు అడిగే ప్రశ్నలకు నేను సమాధానం చెప్పలేను. అవి న్యాయమైన ప్రశ్నలు.

పాత స్నేహం ఉన్నచోట లెక్క మరింత కష్టం. నమీబియా స్వాతంత్ర్య పోరాటానికి ఉత్తర కొరియా తోడ్పడింది. రాజధాని విండ్‌హోక్‌లో వీరుల స్మారకం, అధ్యక్ష భవనం, స్వాతంత్ర్య మ్యూజియం ఉత్తర కొరియా సంస్థే కట్టింది. ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం ప్రశ్నలు లేవనెత్తాక, 2016లో నమీబియా ఆ ఒప్పందాలు రద్దు చేసుకుంది, దౌత్య సంబంధాలు మాత్రం ఉంచుకుంది. నమీబియాలోని రాసింగ్ యురేనియం గనిలో రాజు షా పాలించిన కాలం నుంచి ఇరాన్‌కున్న 15 శాతం వాటా విషయంలో మరో పద్ధతి. వాటాను లాక్కోలేదు, కానీ ఆ వాటాకు యురేనియం కొనుక్కునే హక్కు లేదన్నది స్పష్టంగా ఉంచారు. ఆస్తి వేరు, సరుకు వేరు అన్న ఈ గీత చాలా పనికొస్తుంది.

ఒత్తిడి ఎప్పుడూ ఒకవైపు నుంచే వస్తుందనుకోకండి. 1985లో ఆక్లాండ్ రేవులో ఫ్రాన్స్ గూఢచారులు, ఆ దేశపు అణు పరీక్షలను వ్యతిరేకిస్తున్న గ్రీన్‌పీస్ సంస్థ ఓడ రెయిన్‌బో వారియర్‌ను పేల్చేశారు. పట్టుబడ్డ ఇద్దరికీ న్యూజిలాండ్ కోర్టు శిక్ష వేస్తే, ఫ్రాన్స్ న్యూజిలాండ్ సరుకులకు అడ్డం తగిలింది. యూరప్‌కు వెళ్లే వెన్నకు ముప్పు వచ్చింది. 1986లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఇచ్చిన పరిష్కారంలో క్షమాపణ, 70 లక్షల డాలర్ల పరిహారం, ఖైదీల తరలింపుతో పాటు వెన్న దిగుమతులకు ఫ్రాన్స్ అడ్డు చెప్పకూడదన్న మాటా ఉంది. అణు వ్యతిరేకతకు కూడా వ్యాపారంలో ధర కట్టారు.

అదే న్యూజిలాండ్ 2008లో మరో పాత్రలో కనిపిస్తుంది. వ్యాప్తి నిరోధ ఒప్పందంలో లేని భారత్‌తో అణు వ్యాపారానికి వీలిచ్చే అణు సరఫరాదారుల బృందం మినహాయింపు వియన్నాలో చర్చకు వచ్చినప్పుడు ఆస్ట్రియా, ఐర్లండ్, న్యూజిలాండ్, నార్వే, నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్ అడ్డు నిలిచాయి. ఏకాభిప్రాయం లేనిదే నిర్ణయం జరగదు, అప్పట్లో సభ్యులు 45 మంది. ఆగస్టు సమావేశం తేలకుండానే ముగిసింది. సెప్టెంబరు 5న ప్రణబ్ ముఖర్జీ, అణు పరీక్షలపై స్వచ్ఛంద విరామానికి కట్టుబడి ఉన్నామని ప్రకటన ఇచ్చారు. మర్నాడు మినహాయింపు ఖరారైంది. మనవాళ్లలో చాలామందికి అప్పుడు ఆ ఆరు దేశాల మీద కోపం వచ్చింది. నాకు మాత్రం వాళ్ల పద్ధతి మీద గౌరవం. తమకు ఒక్క అణు రియాక్టరు వ్యాపారం దక్కకపోయినా రెండు వారాలు నిలబడి, ఒక రాతపూర్వక మాట రాబట్టుకుని పక్కకు తప్పుకున్నాయి. వీటో ఉన్న చిన్న దేశం దాన్ని ఎంతసేపు పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో వాటికి తెలుసు.

ఇప్పటి పరిస్థితి వీటన్నిటికన్నా చిక్కుగా ఉంది. ఉత్తర కొరియా ఆంక్షలను పరిశీలించే ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం రష్యా వీటోతో 2024 ఏప్రిల్‌లో ముగిసిపోయింది. పనామా పిలిస్తే వచ్చినటువంటి బృందం ఇప్పుడు లేదు. ఇరాన్ విషయంలో బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ 2025 ఆగస్టు 28న ఆంక్షలను తిరిగి తెచ్చే ప్రక్రియ మొదలుపెట్టగా, సెప్టెంబరు చివర్లో పాత భద్రతా మండలి ఆంక్షలు మళ్లీ అమల్లోకి వచ్చాయి. రష్యా, చైనా దాన్ని ఒప్పుకోవడం లేదు. అంటే ఐక్యరాజ్యసమితి తీర్మానం ఉందా లేదా అన్నదే వివాదం. ఇరుపక్షాలతోనూ వ్యాపారం ఉన్న చిన్న దేశం ఏ జాబితాను తన గెజెట్‌లో అచ్చు వేయాలి?

నా అంచనా చెబుతాను. గెజెట్ ఏం చెప్పినా ఆ దేశపు బ్యాంకులు కఠినమైన జాబితానే పాటిస్తాయి, ఎందుకంటే వాటి డాలరు ఖాతాలు న్యూయార్క్‌లో ఉన్నాయి. కాబట్టి ప్రభుత్వం చేయాల్సింది బ్యాంకులతో తగువు కాదు. ఆహారం, మందులు, విద్యుత్తు లాంటి వాటికి ఏ మినహాయింపు ఉందో పేజీ సంఖ్యతో సహా రాసి, ఆంక్షలు పెట్టిన దేశపు ఆర్థిక శాఖ నుంచి ఒక ఉత్తరం తెచ్చి బ్యాంకుల చేతిలో పెట్టాలి. 'మా విధానం' అనే వాక్యానికి జవాబు ఆ ఉత్తరం ఒక్కటే. రెండోది, ఇరాన్‌తోనో మరొకరితోనో చేసుకునే ప్రతి దీర్ఘకాల ఒప్పందంలో, ఆంక్షలు పడితే బాకీ ఏ రూపంలో తీరుతుందో ముందే రాసుకోవాలి. శ్రీలంకకు టీ ఆలోచన ఒప్పందంగా మారడానికి తొమ్మిదేళ్లు పట్టింది. అది 2012లోనే కాగితం మీద ఉండి ఉంటే ఆ తొమ్మిదేళ్లు ఎంతమందికి కలిసొచ్చేవో ఆలోచించండి.

డయాలిసిస్ ఫిల్టర్ల వ్యాపారికి డబ్బు పదకొండు నెలలకు వచ్చింది. ఆహారం, ఔషధాల చెల్లింపులు మాత్రమే చూసే ఒక చిన్న బ్యాంకు దొరికాక, మినహాయింపు నిబంధన ప్రతినీ, ఆసుపత్రి కొనుగోలు పత్రాన్నీ, సరుకు అందినట్టు సంతకం చేసిన రసీదునూ జతచేసి పంపితే నాలుగు రోజుల్లో తేలిపోయింది. అతను మళ్లీ ఆ దేశానికి సరుకు పంపలేదు.